ములుకయ్య జానెడు రాత

కూర్చున్నారా అందరూ? ఆ తోసుకోవడం ఆపండర్రా, కథ పారిపోతుంది. అనగనగా ఒక అడవి. ఆ అడవిలో రాతగాడంటే అందరూ ఒకే ఒక్కడి పేరు చెప్పేవాళ్లు. ఎవరనుకున్నారు? సింహం కాదు, ఏనుగూ కాదు. ఒక ముళ్లపంది.

పేరు ములుకయ్య. ఒళ్లంతా ములుకులే కదా, అందులో ఒకటి పీకి దాంతో రాసేవాడు. ఎవరి కోసం రాసేవాడంటే, చీమల కోసం.

నవ్వకండి. ఆ అడవిలో గండుచీమల దండు ఒకటి ఉండేది. ఏనుగు వల్ల కాని పనులు కూడా ఆ దండు చేసేసేది. ఒక్కటే చిక్కు. వాటికి చెవుల్లేవు. అరిచినా వినపడదు, బతిమాలినా వినపడదు. చెక్క మీద ములుకుతో గీసి పెడితే మాత్రం, మీసాలతో తడిమి చూసి, ఉన్నది ఉన్నట్టు చేసేవి. తవ్వమని రాస్తే తవ్వడమే. ఆపమని రాయకపోతే ఆపడమే లేదు. "పాపం, ఇలా రాశాడు గానీ అలా అనుకుని ఉంటాడులే" అనే ఆలోచన వాటికి పుట్టదు.

చీమల పెద్ద ఎప్పుడూ ఒకే మాట అనేది.

"రాసింది చేస్తాం. మనసులో ఉన్నది చేయం."

ఒక ఎండాకాలం జంతువులన్నీ పడిపోయిన మద్దిచెట్టు దుంగ దగ్గర చేరాయి. చీమల కోసం రాసే రాత ఎలా ఉండాలి? అందరికీ ఒకే పద్ధతి పెట్టుకుందాం, అన్నాయి. అంతే, గోల మొదలైంది. ఒకరు ఇలా అంటే ఒకరు అలా. చివరికి ఎలుగుబంటి గుబురయ్య లేచి నిలబడ్డాడు. ఆయన పెద్దవాడు. రాయడం రాదు, చదవడం రాదు, తేనె తాగడం ఒక్కటే బాగా వచ్చు.

"మాటలెందుకర్రా? ఇదిగో రేగుపండు. దీన్ని ఇక్కణ్ణుంచి ఆ రాతి మీదకి చేర్చాలి. ఎవరి పద్ధతిలో వాళ్లు రాయండి. చూద్దాం" అన్నాడు.

ముందు చిలుక పచ్చమ్మ వచ్చింది. ఆవిడకి మర్యాద ఎక్కువ. ముళ్లపంది దగ్గర ములుకు అడిగి తీసుకుని, దుంగ ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసింది. "మహారాజశ్రీ గండుచీమల పెద్దలకు పచ్చమ్మ వేనవేల నమస్కారములు చేసి విన్నవించుకునేదేమనగా..." చీమలు తడమడం మొదలుపెట్టాయి. నమస్కారాలు అయ్యేసరికి ఎండ నెత్తి మీదకొచ్చింది. రేగుపండు మాట వచ్చేసరికి ఆ పండు లేదు.

"ఎంతసేపని చూస్తాను? తినేశాను" అన్నాడు గుబురయ్య, గింజ ఉమ్ముతూ.

ఇంకో పండు పెట్టారు. ఈసారి కౌజు పిట్ట బుట్టమ్మ వచ్చింది. నేల మీద గుండ్రంగా, చిన్న బుట్ట బోర్లించినట్టు ఉంటుంది. రేగుపండు బొమ్మ గీసింది. కొంచెం చోటు వదిలింది. మోసే చీమ బొమ్మ గీసింది. మళ్లీ చోటు వదిలి, రాయి బొమ్మ గీసింది. చీమలు తడిమాయి. పండు రాతి మీదకి చేరింది.

"బాగానే ఉంది" అన్నారందరూ.

అప్పుడొచ్చాడు ములుకయ్య. ఒళ్లు విరుచుకున్నాడు. ములుకులు గలగలమన్నాయి. టక్, టక్, టక్. మూడే గీతలు! కన్ను మూసి తెరిచేలోగా పండు రాతి మీద ఉంది.

అబ్బ, ఏం చప్పట్లు! ఏం ఈలలు! ములుకయ్యకి నేల మీద కాలు నిలవలేదు.

బుట్టమ్మ ఒక్కతే ఆ మూడు గీతల చుట్టూ తిరిగి చూసింది.

"ములుకన్నా, చాలా బాగుంది. కానీ రేపు నేనొచ్చి చూస్తే, ఇది పండు గురించని నాకెలా తెలుస్తుంది?"

"నీకెందుకు తెలియాలి చెల్లీ? చదివేది చీమలు. వాటికి తెలిస్తే చాలదూ?"

"చీమలు చేస్తాయి. సరిగ్గా రాశామో లేదో చూసుకోవాల్సింది మనమే కదన్నా?"

"నేను రాస్తే తప్పెందుకొస్తుంది?" అన్నాడు ములుకయ్య. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్నట్టు ఉండేది వాడి వరస.

అందరూ ములుకయ్య పద్ధతికే చేతులెత్తారు.

బుట్టమ్మ అంతలా ఎందుకు అడిగిందంటే, దానికి ఒక భయం ఉంది. కౌజు పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదే, గడ్డి దుబ్బులో గుడ్లు పెడుతుంది. బుట్టమ్మ గడ్డి దుబ్బు ఒక పల్లపు గుంటలో ఉంది. ఆ గుంటకి ఒక పక్క మోదుగ చెట్టు, ఇంకో పక్క రేగు పొద. ప్రతి వానాకాలం వాగు పొంగి, మోదుగ చెట్టు పక్క నుంచి నీళ్లు వచ్చేవి. పోయినేడు గుడ్లన్నీ కొట్టుకుపోయాయి. ఈ ఏడు మళ్లీ తొమ్మిది గుడ్లు పెట్టింది.

"ఏడవకు చెల్లీ" అన్నాడు ములుకయ్య. పొగరుంటే ఉంది గానీ, మనసు వెన్న. "రేగు పొద దగ్గర మట్టి తవ్వించి, మోదుగ పక్కన కట్ట వేయిస్తాను. గుబురయ్య తాత మోకాలంత ఎత్తు కట్ట! తొలకరి వాసన తగలగానే చీమల దండు దుంగెక్కి చదువుతుంది. నీ గుడ్లకి నేను హామీ."

వెంటనే రాయడానికి కూర్చున్నాడు. రాసేకొద్దీ వాడికి హుషారు పుట్టింది. ఇంత పెద్ద పని ఎంత చిన్నగా రాయొచ్చో చూద్దాం అనుకున్నాడు. తవ్వే గీతని మోసే గీతకి అతికించాడు. రేగు పొద గుర్తుని సగం చెరిపి, మోదుగ గుర్తు పొట్టలో దూర్చాడు. ఎత్తు కొలత కోసం వేరే గుర్తు దండగ అనుకుని, చివర గీతకి ఒక వంకర తిప్పాడు. మొత్తం రాత జానెడు వచ్చింది.

"చూడండి! గుంట, కట్ట, వాగు, అన్నీ జానెడు కర్రలో పట్టించాను!" అని అడవంతా తిరిగి చెప్పుకున్నాడు.

బుట్టమ్మ చిన్న చిన్న తెల్ల గులకరాళ్లు ముక్కుతో తెచ్చింది. "అన్నా, ఏ గీత ఏమిటో చెప్పు. పక్కన గుర్తుకి ఒక్కో రాయి పెడతాను" అంది.

ములుకయ్యకి కోపం ముక్కు మీదకి వచ్చేసింది. "నా రాత మీద చెత్త పోస్తావేమిటి? చూడటానికి ఎంత ముద్దుగా ఉంది! గులకరాళ్లు పెట్టి పాడుచేయకు" అని తోకతో ఒక్క ఊపు ఊపాడు. రాళ్లన్నీ గడ్డిలో పడ్డాయి.

బుట్టమ్మ వెనక్కి తిరిగింది. వెళ్లి గుడ్ల మీద కూర్చుంది.

ఎండాకాలంలో మిగిలిన రోజులు గడిచాయి. ములుకయ్య దుంపలు తవ్వుకున్నాడు, తిన్నాడు, పడుకున్నాడు. దుంగ వైపు చూసే పని పడలేదు.

ఒకరోజు కొండ మీద పెద్ద బండ ఒకటి దొర్లి వాగులో అడ్డంగా పడింది. నీళ్లు దారి మార్చుకున్నాయి. పచ్చమ్మ ఎగురుతూ వచ్చింది. ఈసారి నమస్కారాలు లేవు.

"ములుకయ్యా! వాగు తిరిగిపోయింది! ఇక నుంచి నీళ్లు మోదుగ పక్క నుంచి రావు. రేగు పొద పక్క నుంచి వస్తాయి! పైన మబ్బు పట్టేసింది!"

అర్థమైందా పిల్లలూ? నీళ్లొచ్చేది ఇప్పుడు రేగు పొద పక్క నుంచి. చీమలకి రాసిపెట్టిందేమో, ఆ రేగు పొద దగ్గరే మట్టి తవ్వమని! అక్కడ తవ్వితే నీళ్లకి మనమే తలుపు తీసినట్టు. ఇంకేముంది, నేరుగా బుట్టమ్మ గూట్లోకే వస్తాయి.

"అన్నా, గుడ్లలో పిల్లలు కదులుతున్నాయి. రేపో మాపో పగులుతాయి. ఇప్పుడు కదిపితే బతకవు" అంది బుట్టమ్మ. 

"కంగారెందుకు? రెండు గుర్తులు అటూ ఇటూ మార్చడమే కదా! చిటికెలో పని" అన్నాడు ములుకయ్య. ములుకు పీక్కుని దుంగ దగ్గరికి పరిగెత్తాడు.

వంగి చూశాడు.

ఇంకా వంగి చూశాడు.

ఇటు పక్కకొచ్చి చూశాడు. అటు పక్కకెళ్లి చూశాడు. దుంగెక్కి తలకిందులుగా కూడా చూశాడు. జానెడు గీతలు వాడి వైపు తెల్లముఖం వేసుకుని చూశాయి. ఇందులో రేగు పొద ఏది? మోదుగ ఏది? ఆ వంకర ఎందుకు తిప్పాను?

"ఏంటి, మర్చిపోయావా?" అన్నాడు గుబురయ్య.

"మర్చిపోవడమా? నేనా? ఆలోచిస్తున్నాను అంతే" అన్నాడు. ములుకుల మొదళ్లలో చెమట పట్టింది.

దుంగ దగ్గర ఎప్పుడూ పది కాపలా చీమలుంటాయి. వాటి మీద పరీక్షించి చూద్దాం అనుకున్నాడు. ఇదే రేగు పొద అయ్యుంటుందని ఒక గీత మార్చాడు. పది చీమలూ తడిమాయి, బయల్దేరాయి. పిడచ పిడచగా మట్టి తెచ్చి నేరుగా గుబురయ్య గుహ గుమ్మంలో పోశాయి.

"హాఛ్!" అన్నాడు గుబురయ్య. "ఒరేయ్, నా ఇల్లేం చేసిందిరా నిన్ను?"

ములుకయ్య ఆ గీత చెరిపి ఇంకోటి మార్చాడు. ఈసారి చీమలు దుంగ చుట్టూ ఒక చుట్టు తిరిగాయి. ఇంకో చుట్టు తిరిగాయి. తిరుగుతూనే ఉన్నాయి. ఆపమనే గుర్తే పోయింది మరి! తిరిగి తిరిగి ఒకటి కళ్లు తిరిగి పడిపోతే, మిగతావి దాన్ని కూడా మోసుకుంటూ తిరిగాయి. పచ్చమ్మకి నవ్వాగలేదు. ములుకయ్య బురద తెచ్చి రాత మీద మెత్తాక గానీ అవి నిలబడలేదు. నిలబడగానే ఆ బురద తుడిచాడు.

మూడోసారి ములుకు ఎత్తాడు. గుంట వైపు చూశాడు. గడ్డి దుబ్బులో బుట్టమ్మ రెక్కలు విప్పి, తొమ్మిది గుడ్లనీ కప్పుకుని కూర్చుని ఉంది. మొదటిసారి గుహ గుమ్మం పోయింది. రెండోసారి చీమలు గిరగిరా తిరిగాయి. ఈసారి పోయేదేమిటో?  ములుకు కింద పడేశాడు.

"నాకు తెలియడం లేదు" అని భోరుమన్నాడు. "నేను రాసింది నాకే తెలియడం లేదు చెల్లీ! హామీ ఇచ్చి నట్టేట ముంచేశాను."

ఇంకెవరైనా అయితే ఏమనేవాళ్లు? నేనైతే నాలుగు చీవాట్లు పెట్టేదాన్ని. బుట్టమ్మకి అంత తీరిక లేదు. "పచ్చమ్మా, కాసేపు నా గుడ్ల మీద కూర్చో" అని లేచి, గబగబా దుంగ దగ్గరికొచ్చింది.

"అన్నా, కళ్లు తుడుచుకో. రాసింది వదిలెయ్. అసలు నువ్వు ఏం చేయిద్దామనుకున్నావు? గుడ్డులో ఉన్న నా పిల్లకి చెప్పినట్టు చెప్పు."

ములుకయ్య ముక్కు ఎగబీల్చాడు. "ఒకచోట మట్టి తవ్వాలి. ఆ మట్టి ఇంకోచోటికి మోసి కట్ట వేయాలి. కట్ట తాత మోకాలంత ఎత్తు రాగానే ఆపాలి."

"అంతేనా?"

"అంతే."

"మరి అంతే రాయి. ఒక వరసలో ఒక పని. మధ్యలో చోటు వదులు. ఏ చోటుకి ఆ చోటు బొమ్మ వెయ్యి."

"దుంగంతా పడుతుంది చెల్లీ!"

"పట్టనీ. అడవిలో కర్రకి కరువా?"

ఇంకేం మాట్లాడతాడు? దుంగ రెండో వైపు కూర్చుని రాశాడు. ఒక వరసలో తవ్వే చీమ, దాని పక్కన చోటు బొమ్మ. కింద చోటు వదిలాడు. రెండో వరసలో మోసే చీమ, దాని పక్కన చోటు బొమ్మ. మళ్లీ చోటు వదిలాడు. మూడో వరసలో బొచ్చుతో సహా ఎలుగుబంటి మోకాలు, దాని పక్కన ఆపమనే గుర్తు. రేగు పొదకి ముల్లు బొమ్మ, మోదుగకి పువ్వు బొమ్మ. మధ్యలో రెండుసార్లు గీతకి గీత అతికించబోయాడు. చేయి ఊరుకోదు కదా! రెండుసార్లూ బుట్టమ్మ వాడి ముక్కు మీద పొడిచింది.

గుబురయ్య పక్కనే నిలబడి చూస్తున్నాడు. "ఓహో! ఇది నా మోకాలే!" అని మురిసిపోయాడు. మురిసిపోయి, మొదటి వరస నుంచి వేలు పెట్టి చూడటం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క గీత చదివి ఎరగడు, సుమా!

"ఇక్కడ చీమ తవ్వుతోంది. ఎక్కడ తవ్వుతోంది? ముల్లు. అంటే రేగు పొద. ఊఁ. ఇక్కడ మోస్తోంది. ఎక్కడికి? పువ్వు. అంటే మోదుగ... ఒరేయ్ ములుకూ!"

"ఏంటి తాతా?"

"నీళ్లొచ్చేది రేగు పొద పక్క నుంచి కదరా? మళ్లీ అక్కడే తవ్వమంటావేంట్రా?"

ములుకయ్య వంగి ఆ రెండు వరసలూ చూశాడు. నిజమే! కంగారులో పాత అలవాటు కొద్దీ పాత చోటే రాసేశాడు. బుట్టమ్మ కూడా గీత అతుకుతున్నాడా లేదా అనే చూసింది గానీ, ఇది చూడలేదు. ఇద్దరి కళ్లూ దాటిపోయిన తప్పుని, తేనె తప్ప ఏమీ తెలియని తాత పట్టేశాడు!

గబగబా ముల్లు చెరిపి పువ్వు వేశాడు. పువ్వు చెరిపి ముల్లు వేశాడు. ఎక్కడ మార్చాలో ఈసారి వెతుక్కోవాల్సిన పని లేదు, ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

"తాతా, ఇంకోసారి చదువు" అన్నాడు. ఇంతకుముందెప్పుడూ ఎవరినీ అలా అడిగినవాడు కాదు.

తాత చదివాడు. బుట్టమ్మ చదివింది. గుడ్ల మీద కూర్చునే పచ్చమ్మ మెడ సాచి చదివింది. "నమస్కారాలు లేవు గానీ, తప్పు లేదు" అంది.

అంతలో గాలి తిరిగింది. తొలకరి వాసన! గుబురయ్య భుజం ఆనించి దుంగని ఒక్క దొర్లు దొర్లించాడు. జానెడు రాత నేలకి తగిలి, కొత్త రాత పైకొచ్చింది. నల్లటి తాడులా చీమల దండు దుంగెక్కింది. తడిమింది. చీమల పెద్ద తల ఊపింది.

"రాసింది చేస్తాం" అంది.

చేశాయి! మోదుగ దగ్గర తవ్వాయి. రేగు పొద దగ్గర పోశాయి. కట్ట లేచింది. పిడికెడైంది, జానెడైంది. గుబురయ్య వెళ్లి పక్కన మోకాలు పెట్టి నిలబడ్డాడు. సరిగ్గా మోకాలి దగ్గర చీమలు ఆగిపోయాయి. ఒక్క రేణువు ఎక్కువ వేయలేదు.

అప్పుడు పడింది వాన. ఏం వాన! కుండపోత! వాగు పొంగింది. ఎర్రనీళ్లు రేగు పొద పక్క నుంచి ఉరికొచ్చాయి. కట్టని తాకాయి. ఒకసారి తోశాయి, రెండుసార్లు తోశాయి, మూడోసారి వాటికే విసుగొచ్చి పక్కకి తిరిగి మడుగులోకి వెళ్లిపోయాయి. గడ్డి దుబ్బులో పైనుంచి పడ్డ చినుకు తప్ప ఒక్క చుక్క రాలేదు.

ములుకయ్య వానలో తడుస్తూ గంతులేశాడు. ముళ్లపంది గంతులేస్తే పక్కన నిలబడకూడదని ఆ రోజే అందరికీ తెలిసింది.

మర్నాడు ఎండ కాసింది. టిక్, టిక్, టిక్. తొమ్మిది గుడ్లూ పగిలాయి. తొమ్మిది పిల్లలు, కందిగింజలంత కళ్లు! కౌజు పిల్లలకి ఓపిక పట్టడం చేతకాదు. పుట్టిన పూటే పరుగు. బుట్టమ్మ వెనకాల బిలబిలమంటూ మద్ది దుంగ దాకా వచ్చాయి.

ములుకయ్య అక్కడే ఉన్నాడు. ఏం చేస్తున్నాడో తెలుసా? గడ్డిలో వెతుకుతున్నాడు. ఎండాకాలం తోకతో ఊడ్చేసిన తెల్ల గులకరాళ్లు ఒక్కొక్కటీ ఏరి, కడిగి, వరస పక్కన వరసగా పేరుస్తున్నాడు.

"చెల్లీ, నీ రాళ్లు. ఇంకో రెండు తగ్గాయి, వెతుకుతాను" అన్నాడు సిగ్గుపడుతూ.

బుట్టమ్మ నోరు తెరిచేలోగా, తొమ్మిదింటిలోకీ చిన్నది దుంగ మీదకి గెంతింది. తోక కూడా ఇంకా మొలవలేదు దానికి. మొదటి వరస చూసింది, రెండో వరస చూసింది, మూడో వరస దగ్గర ఆగి కిచకిచా నవ్వింది.

"అమ్మా! ఎలుగు తాత మోకాలు! ఇక్కడి దాకా వచ్చాక ఆపాలంట!"

ములుకయ్య చేతిలో రాయి జారిపోయింది.

"చదివేసింది!" అని అరిచాడు. "గుబురయ్య తాతా! పచ్చమ్మా! రండి, రండి! పొద్దున పుట్టింది, అప్పుడే నా రాత చదివేసింది!"

మూడు గీతలకి అడవంతా చప్పట్లు కొట్టిన నాడు కూడా వాడికి అంత సంతోషం కలగలేదు. కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని నవ్వాడు. ఆ పిల్లని మళ్లీ చదవమన్నాడు. మళ్లీ మళ్లీ చదవమన్నాడు. తొమ్మిది పిల్లలూ ఒకరి తర్వాత ఒకరు చదివేదాకా వదల్లేదు.

నీతి: మన గొప్ప కనబడాలని రాసింది రేపు మనకే అర్థం కాదు. అందరికీ అర్థమయ్యేలా రాస్తే, మన తప్పు దిద్దడానికి అందరూ తోడుంటారు.